నరసింహుడు రాని ప్రహ్లాదుడి కథ రాయండి: తెలుగు కథారచయితలకు బహిరంగ లేఖ

తెలుగు సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు కథలు రాసే రచయితలకు నమస్కారం.

నేను విజయవాడలో కుటుంబ కేసులు చూసే న్యాయవాదిని. విడాకులు, మనోవర్తి, గృహహింస, పిల్లల సంరక్షణ. నా రోజంతా వీటితోనే గడుస్తుంది. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల ముందు నుంచి నడిచి వెళ్లడం తప్ప మీ రంగంతో నాకే సంబంధమూ లేదు. అయినా ఈ ఉత్తరం రాస్తున్నానంటే అందుకు కారణం ఒక అమెరికన్ బొమ్మల సిరీస్. పేరు 'ఇన్విన్సిబుల్'. మీలో చాలామంది చూసే ఉంటారు. చూసి, పోరాట దృశ్యాలు బాగున్నాయని మాట్లాడుకుని ఉంటారని నా అనుమానం. నేను మాట్లాడదలచుకున్నది ఆ పోరాటాలు ముగిశాక ఆ ఇంట్లో జరిగే వాటి గురించి.

చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. రాబర్ట్ కిర్క్‌మన్ రచయితగా 2003 నుంచి 2018 దాకా 144 సంచికలు వచ్చిన కామిక్ దీనికి మూలం. 2021 మార్చి 26న ప్రైమ్ వీడియోలో మొదలైంది. మార్క్ గ్రేసన్ పదిహేడేళ్ల కుర్రాడు, తండ్రి శక్తులే అతనికీ వస్తాయి. తండ్రి నోలన్, లోకానికి ఆమ్నీ మ్యాన్, భూమి మీద అందరికన్నా బలవంతుడు. తల్లి డెబ్బీ మామూలు మనిషి, ఇళ్లు అమ్మిపెట్టే ఉద్యోగం. మొదటి సీజన్ మొదటి భాగం చివర్లోనే నోలన్ తన తోటి వీరులు ఏడుగురినీ చంపేస్తాడు. ఎందుకు చంపాడో ఇంట్లోవాళ్లకు తెలియదు, చంపింది ఆయనేనని కూడా తెలియదు. ప్రేక్షకుడికి మాత్రం తెలుసు. ఆ తెలిసిన భారంతోనే మిగతా ఏడు భాగాలూ చూడాలి.

బొమ్మలే కదా అని పిల్లల చేతికి రిమోట్ ఇచ్చే తల్లిదండ్రులకు ఇక్కడే ఒక మాట. ఇది పెద్దల కోసం తీసింది, రక్తపాతం మామూలుగా లేదు. ఓటీటీ కార్యక్రమాలను వయసుల వారీగా వర్గీకరించాలని, పదమూడేళ్లు, ఆ పై వర్గాలకు తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు ఉండాలని కేంద్రం 2021 ఫిబ్రవరిలో నిబంధనలు తెచ్చింది. ఆ తాళం మన ఇళ్లలో ఎంతమంది వేస్తారో వేరే చెప్పాలా?

ఇక అసలు సంగతి. ఈ కథలో నన్ను పట్టేసింది మార్క్ కాదు, డెబ్బీ.

చనిపోయిన వీరుల అంత్యక్రియలకు ఆమె భర్తతో పాటు వెళుతుంది. రెడ్ రష్ అనే వీరుణ్ణి పోగొట్టుకున్న ఓల్గాను ఓదారుస్తుంది. ఓదారుస్తున్న తన పక్కనే హంతకుడు ఉన్నాడని ఆమెకు తెలియదు. తర్వాత ఇంట్లో దాచిపెట్టిన దుస్తులు దొరుకుతాయి, వాటి నిండా రక్తపు మరకలు. మన సినిమాలో అయితే ఇక్కడ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకు చేరగిలబడుతుంది, కెమెరా దేవుడి పటం మీదకు వెళుతుంది, మరుక్షణం కొడుకో పోలీసో వచ్చి కథను తమ చేతుల్లోకి తీసుకుంటారు. డెబ్బీ ఆ బట్టలు పట్టుకుని, వాటిని కుట్టిన ఆర్ట్ అనే దర్జీ దగ్గరకు వెళుతుంది. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి మీద తనే దర్యాప్తు మొదలుపెడుతుంది. అడుగడుగునా తన అనుమానం తప్పని రుజువైతే బాగుండునని కోరుకుంటూనే వెతుకుతుంది.

ఈ దృశ్యం చూస్తున్నప్పుడు నాలోని వకీలు లేచి కూర్చుంది. మన సాక్ష్యచట్టంలో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఒకటుంది. కాపురంలో భర్త భార్యతో చెప్పిన మాటను, అతని అంగీకారం లేకుండా ఆమె కోర్టులో బయటపెట్టకూడదు. పాత చట్టంలో ఇది 122వ సెక్షన్, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 128వ సెక్షన్. భార్యాభర్తల మధ్య వ్యాజ్యాలకు, ఒకరిపై ఒకరు చేసిన నేరాల విచారణకు మాత్రం మినహాయింపు ఉంది. అయితే ఈ రక్షణ మాటకే, చేతకు కాదు. 1954లో రామ్ భరోసే కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను స్పష్టంగా గీసింది. హత్య కేసు అది. తెల్లవారుజామున భర్త ఇంటి కప్పు మీద నుంచి దిగి రావడం, గడ్డి గదిలోకి వెళ్లి రావడం, స్నానం చేయడం భార్య చూసింది. చూసింది చెప్పవచ్చు అన్నారు న్యాయమూర్తులు. నగలు ఎక్కడివో అతను ఆమెతో చెప్పిన మాట మాత్రం సాక్ష్యంగా చెల్లదన్నారు.

అంటే డెబ్బీ మన కోర్టులో బోనెక్కితే రక్తపు మరకల బట్టల గురించి చెప్పవచ్చు. నిలదీసినప్పుడు నోలన్ తనతో ఏమన్నాడో చెప్పకూడదు. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నని సందులో ఒక మనిషి జీవితం మొత్తం ఇరుక్కుని ఉంది. కథకు ఇంతకన్నా సారవంతమైన నేల మీకు ఎక్కడ దొరుకుతుంది? ఆ బోనులో నిలబడిన ఆడమనిషిని మీరు ఎందుకు రాయరు? మీ సినిమాల్లో కోర్టు దృశ్యాలకు కొదవేం లేదు. కానీ వాటిలో భార్య వచ్చేది రెండు పనులకే: పసుపు కుంకుమలు కాపాడమని జడ్జిని వేడుకోవడానికి, లేదంటే ఆఖరి వాయిదాలో నిజం చెప్పేసి అక్కడే ప్రాణం విడవడానికి.

నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లు ఇలా ఉండరు. ఒకావిడ సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను. గృహహింస కేసు. ప్లాస్టిక్ కవరులో పెళ్లి శుభలేఖ, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు పాస్‌పుస్తకం జిరాక్సులు వరుసగా సర్దుకుని వచ్చేది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు, మీ భర్తకు రక్తపోటు ఉందనీ రాత్రి పూట మాత్ర వేసుకుని తొమ్మిదింటికే పడుకుంటారనీ, కాబట్టి రాత్రి పదకొండింటికి కొట్టారనడం అబద్ధమనీ అడిగాడు. ఆవిడ వెంటనే, "ఆ మాత్ర రాత్రిది కాదండీ, పొద్దున టిఫిన్ చేశాక వేసుకోవాలి. రాత్రి వేసుకుంటున్నారా ఇప్పుడు?" అంది. అని భర్త వైపు తిరిగింది. కేసుకు ఆ జవాబు మేలే చేసింది. కానీ ఆమె అడిగింది కేసు కోసం కాదు. చేతి మీద వాత మానకముందే ఆయన మాత్ర వేళ తప్పిందని కంగారు పడుతున్న మనిషి ఆమె. డబ్బీలో పోపు దినుసుల్లా ప్రేమనూ కోపాన్నీ భయాన్నీ వేరు వేరు గిన్నెల్లో పెట్టుకునే మనుషులు మీ స్క్రిప్టుల్లో ఉంటారేమో గాని, కోర్టు వరండాలో నాకు ఇంతవరకు తగల్లేదు.

మొదటి సీజన్ ఆఖరి భాగంలో నోలన్ కొడుకుతో తన అసలు పని చెప్పేస్తాడు. విల్ట్రమ్ అనే తమ సామ్రాజ్యానికి భూమిని లొంగదీయడానికే వచ్చానంటాడు. మరి అమ్మ సంగతేమిటంటే, ప్రేమ ఉంది గాని అది పెంపుడు జంతువు మీద ఉండే ప్రేమ లాంటిదంటాడు. ఆ మాట డెబ్బీ తెర మీద వింటూనే ఉంటుంది. రెండో సీజన్‌లో ఆమె పూర్తిగా కూలిపోతుంది, తాగుతుంది, ఇల్లు పట్టదు, వీరుల జీవితభాగస్వాములు కూర్చుని మాట్లాడుకునే ఒక చిన్న బృందానికి వెళుతుంది. అక్కడ కూడా ఆమె బాధితురాలే అని అందరూ ఒప్పుకోరు. తన భర్త చంపినవాళ్ల మనుషులు కూడా ఆ కుర్చీల్లోనే ఉన్నారు మరి. హంతకుడి భార్యకు దుఃఖించే హక్కు ఉందా లేదా అన్న ప్రశ్నను ఇంత నిబ్బరంగా ఎదుర్కొన్న కథ నేను తెర మీద ఎక్కువగా చూడలేదు. రెండో సీజన్‌లో సాగదీత ఉంది, ఒప్పుకుంటాను. గ్రహాంతర గొడవల్లో కొన్ని నేను ఫోను చూసుకుంటూ దాటేశాను. డెబ్బీ ఉన్న ఏ దృశ్యాన్నీ దాటేయలేదు.

ఇప్పుడు కొడుకు దగ్గరకు వద్దాం. ఈ ఉత్తరానికి పెట్టిన పేరు ఆ కుర్రాడిదే.

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో మంగళగిరి వస్తుంది. కొండ మీద పానకాల స్వామి. ఆ దారిన వెళ్లే ప్రతి తల్లీ పిల్లవాడికి చెప్పే కథ ఒకటే, ప్రహ్లాదుడి కథ. 1932లో తెలుగు సినిమా నోరు విప్పి మాట్లాడిన మొదటి కథ కూడా అదే. అంటే తండ్రిని ఎదిరించిన కొడుకుతోనే మీ పరిశ్రమ మాటలు నేర్చింది. తొంభై ఏళ్లు దాటిన తర్వాత, మన తెర మీద తండ్రి ఊరికి దేవుడైనా అవుతాడు, లేదంటే విశ్రాంతికి ముందు దుర్మార్గుడిగా కనిపించి ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లో దేవుడవుతాడు. అతను చంపినవాళ్లందరూ చావదగ్గవాళ్లేనని ఒక పాటలో తేలిపోతుంది. కొడుకుకు మిగిలే పని తండ్రి ఫొటోకు దండ వేసి కత్తి అందుకోవడం. ప్రహ్లాదుడు ఎక్కడ తప్పిపోయాడు?

ప్రహ్లాదుడి కథలో కూడా ఒక వెసులుబాటు ఉంది, గమనించారా? తండ్రి చేసేది అధర్మమని కొడుకుకు తెలుసు, చెప్పాడు, శిక్షలు అనుభవించాడు. కానీ తండ్రిని ఏం చేయాలన్న నిర్ణయం అతను తీసుకోనక్కర్లేదు. స్తంభం పగిలింది, నరసింహుడు వచ్చాడు, పని అయిపోయింది. కొడుకు చేతులకు రక్తం అంటలేదు. అంతా అయ్యాక స్వామి వరం కోరుకోమంటే, ప్రహ్లాదుడు తన తండ్రికి ఆ పాపం నుంచి విముక్తి అడిగాడు. భాగవతంలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం అది. తన్నించినవాడు, విషం పెట్టించినవాడు, కొండల మీద నుంచి తోయించినవాడు. అయినా నాన్న.

మార్క్ పరిస్థితి చూడండి. ఏ స్తంభమూ పగలదు. షికాగో నగరం మధ్యలో తండ్రి కొడుకును పట్టుకుని, దూసుకొస్తున్న రైలుకు అడ్డం పెడతాడు. రైలు, అందులోని మనుషులు కొడుకు ఒంటికి తగిలి ఛిద్రమవుతారు. మనుషుల ప్రాణం ఎంత తేలికో పాఠం చెబుతున్నానంటాడు ఆ తండ్రి. చివరికి కొండ మీద, ముఖం గుర్తుపట్టలేనంతగా కొట్టాక, అయిదు వందల ఏళ్ల తర్వాత వీళ్లందరూ పోయాక నీకేం మిగులుతుందని అరుస్తాడు. కొడుకు చెప్పే జవాబు ఒక్కటే: నువ్వు మిగులుతావు నాన్నా. ఆ మాటకు నోలన్ చెయ్యి ఆగిపోతుంది. కంటతడితో భూమినే విడిచి వెళ్లిపోతాడు.

ఇది క్షమ కాదని నేను గట్టిగా అంటాను. మార్క్ తండ్రిని క్షమించలేదు, తండ్రి వైపు రానూ లేదు. తండ్రి చేసిందాన్ని ఒక్క క్షణం కూడా సమర్థించలేదు. ప్రేమించడం మాత్రం మానలేకపోయాడు, అంతే. మీ కథల్లో ఈ రెండూ ఒకే మనిషిలో ఇమడవు. ప్రేమ ఉంటే సమర్థన ఉంటుంది, సమర్థన పోతే ప్రేమ కూడా పోయి పగ వస్తుంది.

చట్టం కూడా ఇక్కడ కొడుకును ఒంటరిని చేస్తుంది. నేరస్థుడికి ఆశ్రయం ఇవ్వడం నేరం. భారతీయ న్యాయ సంహితలో 249వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 212. ఆ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: దాచినది నేరస్థుడి భార్య గాని భర్త గాని అయితే ఈ నేరం వర్తించదు. కాపురంలోని ధర్మసంకటాన్ని చట్టం ఆమాత్రం గుర్తించింది. కన్నకొడుకుకు ఆ మినహాయింపు లేదు. హత్య చేసి అర్ధరాత్రి తలుపు తట్టిన భర్తను భార్య లోపలికి రానిస్తే చట్టం చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. అదే తలుపు కొడుకు తీస్తే కేసు. ఈ ఒక్క తేడా మీద మీరు రెండున్నర గంటల సినిమా తీయవచ్చు. హక్కులు అడగను, తీసుకోండి.

మిగతా ధర్మసంకటాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటిలో కొన్ని మనకు తెలిసిన దారిలోనే నడుస్తాయి. రెండో సీజన్ చివర, లోకాల మధ్య ద్వారాలు తెరవగల ఆంగ్‌స్ట్రమ్ లెవీ అనేవాడు డెబ్బీని బందీ చేసి చెయ్యి విరగ్గొడతాడు. మార్క్ అతన్ని వేరే లోకంలో చచ్చేదాకా కొడతాడు, ఆ తర్వాత తన చేతులు చూసుకుని వణికిపోతాడు. మన చట్టం ప్రకారం ఇంకొకరి శరీరాన్ని కాపాడటానికి కూడా ఆత్మరక్షణ హక్కు ఉంది, ప్రమాదభయం ఉన్నంతసేపూ ఉంటుంది. ఎక్కడైనా ద్వారం తెరిచి మళ్లీ రాగల శత్రువు విషయంలో ఆ భయం ఎప్పుడు తీరినట్టు? నాకీ కేసు వస్తే గెలుస్తాననే అనుకుంటున్నాను. కానీ మార్క్‌కు కావలసింది నిర్దోషి అన్న తీర్పు కాదు, నాన్నలా మారిపోతున్నానా అన్న ప్రశ్నకు జవాబు. తమాషా ఏమిటంటే లెవీ చావలేదు. బతికున్న మనిషిని చంపానన్న పాపభారంతో ఆ కుర్రాడు అన్నాళ్లు కుమిలాడన్నమాట. మన కథానాయకుడు విశ్రాంతి లోపు ఎంతమందిని నరుకుతాడో మీరే లెక్క పెట్టుకోండి. వాళ్లలో ఒక్కరి కోసమైనా ఒక్క రాత్రి నిద్ర పాడు చేసుకున్నాడా?

ప్రభుత్వం తరఫు సెసిల్ అనే అధికారి మనుషుల్ని చంపిన నేరస్థులనే మార్చి, దేశం పనికి వాడుకుంటాడు. మార్క్ దానికి ఒప్పుకోడు. అప్రూవర్లను రోజూ చూసే మాలాంటివాళ్లకు ఇది కొత్త తగవు కాదు, కాబట్టి దీన్ని పెంచను.

ఆలివర్ గురించి మాత్రం చెప్పి తీరాలి. భూమిని విడిచిన నోలన్ ఇంకో గ్రహంలో ఆండ్రెసా అనే ఆమెతో కాపురం పెడతాడు, కొడుకు పుడతాడు. ఆ బిడ్డను మార్క్ తెచ్చి డెబ్బీ చేతుల్లో పెడతాడు. తనను పెంపుడు జంతువు అన్న భర్తకు వేరే ఆడమనిషి వల్ల పుట్టిన బిడ్డ! డెబ్బీ పెంచుతుంది. సవతి బిడ్డను అక్కున చేర్చుకునే తల్లులు మన పాత సినిమాల్లో ఉన్నారు, నిజమే. కానీ వాళ్లకు అది త్యాగం, వెనక వీణ మోగుతుంది. డెబ్బీకి అది నిద్రలేని రాత్రులు, ఉద్యోగం, ఆయా. మొదటి భార్య ఉండగా చేసుకున్న పెళ్లి చెల్లకపోయినా, అందులో పుట్టిన బిడ్డ సక్రమ సంతానమేనని హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. నేను ఆ సెక్షన్ చదివి వినిపించినప్పుడల్లా మొదటి భార్యల ముఖాలు చూస్తుంటాను. బిడ్డ తప్పేముందని వాళ్లే అంటారు, ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనరు.

ఆ ఆలివర్ తన జాతి స్వభావం వల్ల వేగంగా ఎదుగుతాడు. పుట్టి పట్టుమని కొన్నేళ్లు కాకుండానే బడి పిల్లవాడంత అవుతాడు, బలమూ వస్తుంది. మూడో సీజన్‌లో మాలర్ కవలలనే దుర్మార్గులను చంపేసి, చెడ్డవాళ్లే కదా అంటాడు. మన చట్టంలో ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరమే కాదు. ఇతని వయసు పుట్టిన తేదీతో లెక్కించాలా, ఎదిగిన ఒంటితోనా? ఈ కేసు నేను గెలుస్తానని చెప్పలేను. అన్నకు కూడా ఏం చెప్పాలో తెలియదు, ఎందుకంటే తమ్ముడి తర్కంలో నాన్న గొంతు వినిపిస్తుంది. కొంతవరకు తన గొంతు కూడా.

మన ప్రేక్షకులు ఇలాంటివి చూడరని మీరంటారు. కృష్ణా, గుంటూరు హక్కులు కొనేవాళ్లు ఒప్పుకోరంటారు. తండ్రిని తప్పుగా చూపిస్తే కుటుంబాలు థియేటరుకు రావంటారు. రాయబారం పద్యాలకు తెల్లవార్లూ కూర్చున్న జిల్లాలివి. అన్నదమ్ముల మధ్య ధర్మం ఎటు ఉందో పద్యం పద్యానికీ తగువుపడి, వన్స్‌మోర్ కొట్టిన జనం. వాళ్లకు సంకటం అర్థం కాదని చెన్నైలో ఉన్నప్పుడు అనుకోలేదు, హైదరాబాద్ వెళ్లాక ఎందుకు అనుకున్నారో నాకు తెలియదు.

గ్రహాంతరవాసులు అక్కర్లేదు, ఎగిరే మనుషులూ వద్దు. మీ ఆమ్నీ మ్యాన్ సత్తెనపల్లిలో చిట్టీల వ్యాపారి కావచ్చు, అందరి డబ్బూ ముంచి ఇంట్లో మాత్రం బంగారం లాంటి నాన్న కావచ్చు. అతను ఏం చేశాడో సినిమా మొదటి పావుగంటలోనే చెప్పేయండి. దాన్ని ఫ్లాష్‌బ్యాక్‌తో కడగకండి. ఆఖర్లో చంపేసి మాకు సులువు చేయకండి కూడా. అరెస్టు అయిన మర్నాడు ఆ ఇంట్లో పాలు ఎవరు తెచ్చారు, మునిగినవాళ్లలో సొంత చెల్లెలు కూడా ఉంటే ఆ వదినా ఆడపడుచులు ఏం మాట్లాడుకున్నారు, పరీక్ష ఫీజు కట్టాల్సిన కొడుకు ఆ డబ్బు ఎవరిదని అనుకున్నాడు, ఇవి రాయండి. భార్యను బోనెక్కించండి. చూసినది చెప్పాలా వద్దా అని ఆమెనే తేల్చుకోనివ్వండి, మీరు తేల్చకండి.

ఎలా ఉంటుందో చూడాలనుకుంటే విజయవాడ రండి. 2022లో ప్రారంభమైన కొత్త కోర్టు భవనంలో లిఫ్టులు ఉన్నాయి గాని మెట్లు ఎక్కి రావడమే త్వరగా అవుతుంది. కుటుంబ కేసులు కక్షిదారుల్లో ఎవరు కోరినా తలుపులు మూసి వింటారు, కాబట్టి హాల్లోకి రానివ్వకపోవచ్చు. వరండాలో కూర్చోవచ్చు. ఎవరినీ ఫొటో తీయకండి, ఎవరి పేరూ అడగకండి. నా క్లయింట్ల ఫైళ్లు మాత్రం ఎంత అడిగినా ఇవ్వను. వారం ముందు కబురు పెడితే మా జూనియర్ మిమ్మల్ని గేటు దగ్గర కలుసుకుంటుంది. మే నెలలో రాకండి, సివిల్ కోర్టులకు సెలవులు.

ఇట్లు,
కుటుంబ కేసులు చూసే ఒక న్యాయవాది,
విజయవాడ